తప్పేదో చెప్పరు... తప్పించేస్తారు!

సాయంత్రం కౌంటర్ మూసేవేళ ఒకాయన వచ్చి గొడవ పెట్టుకున్నాడు. పైఅధికారి సెలవులో ఉన్నారు. మీరేం చేస్తారు? సర్దిచెప్పి రేపు రమ్మంటారా, అధికారికి ఫోన్ చేస్తారా, నిబంధనలు చూపిస్తారా, ఆయన అడిగింది చేసిపెడతారా?

ఇంట్లో నలుగుర్నీ అడిగి చూడండి. నాలుగు జవాబులొస్తాయి. దుకాణం నడిపే నాన్న ఒకటంటారు, టీచరుగా చేసే అమ్మ మరొకటంటుంది. ఎవరిదీ తప్పని చెప్పలేం. కానీ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన పిల్లలు మాత్రం కంపెనీ ముందే అనుకున్న జవాబునే పట్టుకోవాలి. లేదంటే ఎన్ని అర్హతలున్నా ఇంటర్వ్యూ దాకా వెళ్లకుండానే కథ ముగిసిపోవచ్చు. ఎక్కడ పొరబడ్డారో చాలాచోట్ల చెప్పరు కూడా!

వీటినే సిచ్యుయేషనల్ జడ్జ్‌మెంట్ టెస్టులంటారు. సందర్భమిచ్చి విచక్షణను కొలిచే పరీక్షలన్నమాట.

విచక్షణ లేకనా?

ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడేన్నే తీసుకోండి. చుట్టుపక్కల పొగాకు చేలు, పామాయిల్ తోటలు. వేలం కేంద్రంలో పలికిన ధరకి బేలు ఇచ్చేయాలా, వెనక్కి తీసుకెళ్లాలా... రైతు అక్కడికక్కడే తేల్చుకోవాలి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకి విచక్షణ లేదనగలమా? వాళ్లకి తెలియనిది ఆఫీసు పద్ధతి. టీమ్ లీడర్, క్లయింట్, ఎస్కలేషన్ లాంటి మాటలు ఇంట్లో రోజూ వినేవారికి ఏ జవాబు నచ్చుతుందో ఇట్టే తెలిసిపోతుంది. మిగిలినవారు ఊహించుకోవాలి.

ఈ తరహా ప్రశ్నలు అమెరికాలో 1920ల్లోనే ఉన్నాయి. 1990లో మోటోవిడ్లో, డనెట్, కార్టర్ అనే పరిశోధకుల వ్యాసం తర్వాత మళ్లీ ఊపందుకున్నాయి. నిజంగా పని చేయించి చూడటం ఖర్చుతో కూడుకున్నది. కాగితం మీద సందర్భమిచ్చి అడగడం చవక. వేలమందిని ఒకేసారి వడకట్టొచ్చు. అందుకే సంస్థలకి ఇవంటే మక్కువ.

అసలు చిక్కు ఇంకోటుంది. 'మీరేం చేస్తారు' అనడం వేరు, 'ఏం చేయడం మంచిది' అనడం వేరు. మొదటిది అలవాటుని అడుగుతుంది, రెండోది తెలివిడిని. కానీ ఉద్యోగం కావాలనుకున్నవారు మొదటిదానికీ రెండోదాని జవాబే రాస్తారు కదా!

కారణం చెప్పనిస్తే...

సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2011లో సీశాట్ వచ్చినప్పుడు ఇలాంటి ప్రశ్నలు అడిగారు. అయితే వాటికి తప్పు గుర్తించినా మార్కులు కోయలేదు. 2013 నుంచి మెయిన్స్‌లో 250 మార్కుల నైతిక విలువల పేపరు పెట్టారు. అందులో కేస్ స్టడీకి టిక్కు పెడితే చాలదు. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో వివరించాలి. తెలుగులోనూ రాయొచ్చు.

సైనికాధికారుల్ని ఎంపికచేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు అరగంటలో 60 సందర్భాలిస్తుంది. అక్కడా సొంతమాటల్లోనే రాయాలి. పైగా బృంద పరీక్షలు, ముఖాముఖీ కూడా ఉంటాయి. ఒక్క టిక్కుతో తలరాత తేలిపోదు. బ్రిటన్‌లో కొత్త డాక్టర్లకి శిక్షణ స్థానాలు కేటాయించడానికి 2013 నుంచి ఇలాంటి పరీక్ష మార్కులు లెక్కలోకి తీసుకునేవారు. 2024 నుంచి మానేశారు.

అంటే విచక్షణను పరీక్షించడం తప్పు కాదు. కారణం చెప్పుకునే వీలివ్వకుండా గుమ్మంలోంచే పంపేయడమే తప్పు.

ఇలా సిద్ధమవ్వొచ్చు

ఈ పరీక్షలు ఇప్పట్లో పోయేలా లేవు. అందుకే కొన్ని మెలకువలు...

* ప్రశ్నలో చెప్పని విషయాల్ని ఊహించుకోవద్దు.

* 'చేస్తారు' అన్నారా, 'చేయాలి' అన్నారా... ముందు అది చూడండి.

* ప్రాణాపాయం ఉన్నచోట భద్రతకే మొదటి స్థానం. తప్పుని దాచిపెట్టే జవాబు జోలికి వెళ్లొద్దు.

* ప్రతిదీ పైఅధికారి మీదకి నెట్టేయడం, లేని అధికారాన్ని చేతిలోకి తీసుకోవడం... రెండూ సాధారణంగా మార్కులు పోగొట్టేవే.

* ఆఫీసుల్లో పనిచేసే బంధువులతో అక్కడి పద్ధతుల గురించి మాట్లాడండి. రాత్రి భోజనాల దగ్గర రోజుకో సందర్భం చర్చించుకున్నా చాలు.

సంస్థలు చేయాల్సిందీ ఉంది. టిక్కు పక్కన కారణం రాయడానికి రెండు వాక్యాల చోటివ్వాలి. కాదన్నవారికి ఎక్కడ తేడా వచ్చిందో ఒక్కమాట చెప్పాలి. అప్పుడు ఉద్యోగం రాకపోయినా, మరోచోట దరఖాస్తు చేయడానికి పిల్లలకి ధైర్యం మిగులుతుంది.