మార్చిన మూత్రపిండము - సన్నబడు మందులు

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. నాటినుండి చుట్టుపట్ల గ్రామములకు విదేశములు దగ్గరైనవి. సెలవులకు వచ్చు బంధువుల పెట్టెలలో ఒళ్లు తగ్గించు సూదిమందులును రావచ్చును. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అను అట్టి సూదిమందులు 2025లో మన దేశపు బజారులోనికిని వచ్చినవి. మూత్రపిండము మార్పించుకొన్నవారు వీని విషయమున ఏల జాగరూకులై ఉండవలెనో పంచాయతీ సభ్యులకు విశదపరుపదలచితిమి.

మన దేశమున మూత్రపిండ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో తొలిసారి విజయవంతమైనది. మరణించినవారి అవయవములను అవసరమైనవారికి చేర్చు 'జీవన్‌దాన్' పథకము మన ప్రాంతమున 2013 నుండి నడచుచున్నది. అయితే శరీరము కొత్త మూత్రపిండమును పరాయిదిగా నెంచి ఎదిరించును. ఆ ఎదిరింపును అణచుటకై టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి మందులను నిత్యము వాడవలెను. మిరపమడికి నీరు తక్కువైన ఎండును. ఎక్కువైన వేరు కుళ్లును. ఈ మందులును అట్టివే. రక్తములో తగ్గినచో శరీరము మూత్రపిండమును తిరస్కరించును. మించినచో ఆ మందే మూత్రపిండమునకు చేటగును. అందుచేతనే వైద్యులు రక్తపరీక్ష చేసి మోతాదు నిర్ణయింతురు.

మార్పిడి పిదప వాడు స్టెరాయిడ్ మందులవలన ఆకలి హెచ్చి బరువు పెరుగుట కలదు. అది తిండిపోతుతనము కాదు గనుక ఎవరును పరిహసింపరాదు. బరువు తగ్గుట మేలే. వైద్యులే తగినవారికి ఈ సూదిమందులను వ్రాయుటయు కలదు. స్వంతముగా వాడుటయే ప్రమాదము.

ఓర్లిస్టాట్ అను మాత్ర ఆహారములోని కొవ్వును ఒంటబట్టనీయదు. దానివలన సైక్లోస్పోరిన్ సైతము రక్తములోనికి సరిగా చేరదు. రెండును తప్పనిసరియైనచో ఓర్లిస్టాట్ మింగిన 3 గంటలకు గాని సైక్లోస్పోరిన్ వాడరాదు, రక్తపరీక్షయు మానరాదు. ఇక సూదిమందులు కడుపులోని ఆహారము దిగుటను మందగింపజేయును. వాంతులు, విరేచనములు కలిగినచో ఒంటిలో నీరు తగ్గి మూత్రపిండము దెబ్బతినవచ్చును. వాంతియైనచో మింగిన మాత్ర బయటపడును; విరేచనములు పట్టినచో టాక్రోలిమస్ రక్తములో మించుటయు కలదు. పంపరపనస పండు సైతము ఆ మందును మించజేయగలదు. ఏమి కలిపినారో తెలియని పసరులు, చూర్ణముల సంగతి చెప్పనక్కరలేదు.

సభ్యులు వైద్యము చేయనక్కరలేదు. తమ గ్రామమున మార్పిడి జరిగినవారున్నచో, ఆశా కార్యకర్తతో కలిసి వారి ఇంటికి పోయి మూడు మాటలు చెప్పిన చాలును. మార్పిడి వైద్యుని అడుగక ఏ మందును మొదలిడవద్దు, ఏ మందును మానవద్దు. వాడు మందులన్నిటి పేర్లు వ్రాసిన కాగితము దగ్గర ఉంచుకొనవలెను. వాంతులుగాని విరేచనములుగాని పట్టినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఆ మూత్రపిండము ఒక తల్లి ఇచ్చినదో, దుఃఖములోనున్న ఒక కుటుంబము దానము చేసినదో అయి యుండును. దానిని కాపాడుట గ్రామమంతటికిని బాధ్యతయని మా మనవి.