అమ్మను ఒప్పించి... ఆసియాకు!

1995 ఏప్రిల్. కెనడాలో పన్నెండేళ్ల క్రెయిగ్ కీల్‌బర్గర్ కార్టూన్ల కోసం పేపరు తిరగేస్తున్నాడు. ఓ వార్త దగ్గర చూపు ఆగిపోయింది. ఇంటి అప్పు కింద నాలుగేళ్లకే తివాచీల మగ్గం దగ్గర వెట్టికి కుదిరి, బయటపడ్డాక తనలాంటి పిల్లల కోసం గొంతెత్తిన పాకిస్థానీ బాలుడు ఇక్బాల్ మసీహ్ హత్య. అతడి వయసూ పన్నెండే!

తోటి విద్యార్థులతో కలిసి ‘ఫ్రీ ద చిల్డ్రన్’ మొదలెట్టాడు క్రెయిగ్. ఆ పిల్లల్ని కళ్లారా చూడాలనుకున్నాడు. ఇంట్లో ససేమిరా అన్నారు. అలిగి కూర్చోలేదు. ఆసియాలోని సంస్థలకు రాశాడు. బస ఎక్కడో, తోడెవరో తేల్చుకుని అమ్మను ఒప్పించాడు. పాతికేళ్ల మిత్రుడి తోడుతో డిసెంబరులో బయల్దేరాడు. ఏడు వారాలు, అయిదు దేశాలు! పదమూడో పుట్టినరోజూ దారిలోనే.

మద్రాసులో ఓ ఎనిమిదేళ్ల పాప కనిపించింది. వాడేసిన సిరంజీలను ఉత్తచేతులతో వేరుచేస్తోంది.

ఆ పాపను చూడ్డానికి అతను సముద్రాలు దాటాడు. మరి మన వీధి చివరి పాప మనకు కనిపిస్తోందా?