టేబుల్‌పై ఎనిమిదో పేరు

నవంబరు మొదట్లో మా న్యూజెర్సీ వీధుల్లో మేపుల్ ఆకులు ఎర్రగా పరుచుకుంటాయి. వాటిని సంచిలోకి ఏరుతుంటే అమ్మ నన్ను వింతగా చూసింది. "ఎండుటాకుల్ని ఎవరైనా ఊడ్చి పారేస్తారు. నువ్వు ఇంట్లోకి తెస్తున్నావేంటే!"

నాన్న పోయాక అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి రావడం అదే మొదలు. థ్యాంక్స్‌గివింగ్ ఆమెకి కొత్త. పంట ఇంటికొచ్చిన వేళ నలుగురూ కలిసి తినే పండగ అని చెప్పాను. 1863లో లింకన్ దేశమంతటికీ ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారం అన్నది 1941లో చట్టమైంది. "అయితే ఇది వీళ్ల సంక్రాంతి" అని తేల్చేసింది అమ్మ.

అందుకే ఈ పండగ టేబుల్ మీద పొలమే కనబడాలి. ఆకులు, చిన్న గుమ్మడికాయలు, రంగురంగుల మొక్కజొన్న పొత్తులు, చేమంతులు ఉంటే చాలు. గుమ్మడికాయలు చూసి అమ్మ "దిష్టి తగలకుండానా?" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

ఆకులు పూర్తిగా ఎండకముందే ఏరుకోవాలి. ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి, అందులో మూడు నాలుగు రోజులు మునిగేలా ఉంచితే పెళుసుబారవు. తీసి, తుడిచి, న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పైన బరువుంచాలి. నేను వాటిని టేబుల్ మధ్యలో ఊరికే పరుద్దామనుకున్నాను. అమ్మ మాత్రం టూత్‌పిక్‌లు విరిచి, విస్తరి కుట్టినట్టు ఒకదానికొకటి గుచ్చుకుంటూ పోయింది. సాయంత్రానికి ఆరడుగుల ఆకుల పట్టీ తయారైంది!

మీరూ చేస్తే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. పూలు ఎదుటివారి మొహానికి అడ్డం రాకూడదు. నేను చేమంతుల్ని పొట్టి స్టీలు గ్లాసుల్లో పెట్టాను. ఆకుల దగ్గర నిజం కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీవి మేలు. వంటల ఘుమఘుమల మధ్య వేరే సెంటు వాసనలూ వద్దు. ఆకుల మీద నేరుగా తినేవి పెట్టకండి. మనిషికి రెండడుగుల చోటు వదలండి. ఇక్కడ గిన్నెలు చేతులు మారుతూ తిరుగుతాయి కాబట్టి అలంకరణ ఎంత సన్నగా ఉంటే అంత సుఖం. మా టేబుల్ మీద టర్కీ పక్కనే పులిహోర, క్రాన్‌బెర్రీ పప్పు కూడా ఉన్నాయి.

ఇక ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే పేర్ల కార్డులు. మేం మొత్తం ఎనిమిది మందిమి. మా అబ్బాయి రూమ్మేటూ, పక్కింటి దంపతులూ వస్తున్నారు. పేర్లన్నీ తెలుగులో రాయమని అమ్మకిచ్చాను. గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాసింది. లెక్కపెడితే ఏడే ఉన్నాయి.

"నీదేదమ్మా?"

"నాకెందుకే? మీరంతా తినండి. నేను వడ్డిస్తాగా."

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో ప్రతి పండక్కీ అమ్మ అందరికీ వడ్డించి, చివర్లో వంటింట్లో పీట మీద కూర్చుని తినేది. అది నాకెప్పుడూ తప్పనిపించలేదు. అసలు గమనించనే లేదు.

ఎనిమిదో కార్డు నేను రాశాను. ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు రాసి, టేబుల్ మొదట్లో ఉన్న కుర్చీ ముందు పెట్టాను. గురువారం అందరూ కూర్చున్నాక అమ్మ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. మా అబ్బాయి కుర్చీ జరిపి "అమ్మమ్మా, ఇది నీ ప్లేస్" అన్నాడు. కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకుంది. "పెన్షను కాగితాల్లో తప్ప నా పేరు ఇట్లా ఎవరూ రాయలేదే" అంటూ కూర్చుంది. రూమ్మేటు పులిహోర గిన్నె ముందు ఆమెకే అందించాడు.

మర్నాడు అలంకరణ తీసేశాం. కోయకుండా ఉంచిన గుమ్మడికాయల్లో రెండింటితో అమ్మ దప్పళం పెట్టింది. కంచాలు సర్దాను. ఈసారి టేబుల్ మీద కార్డుల్లేవు. అమ్మ గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, ఎవరూ పిలవకుండానే నిన్నటి కుర్చీలో కూర్చుంది.