నీటి ఒత్తిడితోనే మూత బిగించుకునే వాచీ

రష్యాలో తయారైన ‘అంఫీబియా’ వాచీని మొదటిసారి కొన్నవాళ్ళు కీ మర విప్పగానే కంగారుపడతారు. మర వదిలిన కీ అటూ ఇటూ ఊగుతుంది, చేతికి ఊడి వస్తుందేమో అనిపిస్తుంది. అది పాడైపోలేదు. కావాలనే అలా చేశారు.

పాత సోవియట్ వాచీలు సేకరించేవాళ్ళు ముందుగా వెతికేవి వేరే ఉన్నాయి. 1961లో గగారిన్ అంతరిక్షంలోకి పెట్టుకెళ్ళిన ‘ష్తుర్మాన్‌స్కియె’ అందులో ఒకటి. యుద్ధ విజయం పేరు పెట్టుకున్న ‘పొబేదా’ ఇంకొకటి. కానీ పొబేదా యంత్రానికి మూలం ఫ్రాన్స్‌లోని లిప్ కంపెనీ నమూనా. పేరున్న 3133 క్రోనోగ్రాఫ్‌కు మూలం స్విట్జర్లాండ్‌ది. అసలు మాస్కో మొదటి గడియారాల ఫ్యాక్టరీయే అమెరికాలోని ఒహాయో నుంచి కొని తెచ్చిన యంత్రాలతో 1930లో మొదలైంది. అంఫీబియా బాడీ మాత్రం సొంత బుర్రలో పుట్టింది. అందుకే వీటన్నిటిలో నాకు అదంటేనే ఎక్కువ ఇష్టం.

అది పుట్టిన ఊరు చిస్తోపోల్, తాతర్‌స్తాన్‌లో కామా నది ఒడ్డున ఉంది. 1941లో జర్మన్ సైన్యం మాస్కో మీదికి వస్తుంటే అక్కడి రెండో గడియారాల ఫ్యాక్టరీ యంత్రాలను ఇక్కడికి తరలించారు. ఆ ఫ్యాక్టరీయే తర్వాత ‘వొస్తోక్’ అయింది. సైన్యానికి ‘కమాందీర్‌స్కియె’ వాచీలు చేసి ఇచ్చిన కొద్దికాలానికే, 200 మీటర్ల లోతులోనూ పనిచేసే వాచీ మీద దాని దృష్టి పడింది. మిఖయిల్ నోవికొవ్, వెరా బెలోవా దాన్ని రూపొందించారు. 1967లో బయటికొచ్చింది.

200 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నీరు సుమారు 20 కిలోల బరువుతో నొక్కుతుంది. మూడు సెంటీమీటర్ల వ్యాసమున్న అద్దం మీద దాదాపు 140 కిలోలు పడతాయన్నమాట. అప్పటికి ఇతర దేశాల్లో చేస్తున్న చాలా డైవింగ్ వాచీల్లో ఈ ఒత్తిడికి జవాబు: సన్నటి రబ్బరు రింగును వెనక మూతతో గట్టిగా నొక్కి బిగించడం. దానికి ప్రతి భాగాన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కోయాలి. పెద్దయెత్తున తయారుచేసే చోట అంత నిక్కచ్చి కష్టం. వాళ్ళిద్దరూ ఆ దారి వదిలేశారు. నొక్కే నీటిచేతనే మూత వేయించారు.

అద్దం గాజు కాదు, మూడు మిల్లీమీటర్ల మందమున్న యాక్రిలిక్. లోతుకు వెళ్ళేకొద్దీ కాస్త లోపలికి వంగి, అంచులు బాడీకి మరింత గట్టిగా ఆనుకుంటాయి. వెనక మూతదీ ఇదే తీరు. మామూలు వాచీల్లో మూతనే మరలాగా తిప్పి బిగిస్తారు, దాంతో కింద రబ్బరు మెలిపడుతుంది. ఇక్కడ మూత విడిగా, తిరగకుండా కూర్చుంటుంది, దాన్ని పైనుంచి ఇంకో మర రింగు పట్టి ఉంచుతుంది. మధ్యలో వెడల్పాటి రబ్బరు. నీరు ఎంత నొక్కితే మూత ఆ రబ్బరును అంత నొక్కుతుంది. ఆవిరి పెరిగేకొద్దీ మూత లోపలి నుంచి బిగుసుకునే ప్రెషర్ కుక్కరు గుర్తొస్తుంది కదూ!

ఇక ఆ ఊగే కీ. దానికీ లోపలి కాడకూ గట్టి అతుకు లేదు. కొద్దిగా బయటికి లాగి తిప్పితేనే కాడను పట్టుకుని వాచీకి కీ ఇస్తుంది. దెబ్బ తగిలినా ఆ అదురు కాడ దాకా పోదు. మర బిగిస్తే కాడతో పనిలేకుండా రబ్బరు మీద తిన్నగా కూర్చుంటుంది.

తర్వాత వచ్చిన ఆటోమేటిక్ రకంలో 2416బి అనే యంత్రం ఉంటుంది. కెంపులు 31, గంటకు 19,800 టిక్కులు. తేదీ మార్చడానికి విడిగా ఏర్పాటు లేదు. ముళ్ళను అర్ధరాత్రి దాటించి, వెనక్కి ఎనిమిది దాకా తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పుతూ ఒక్కో తేదీ మార్చుకోవాలి.

పాతది కొనేటప్పుడు డయల్ అడుగున ‘సోవియట్ యూనియన్‌లో తయారైంది’ అనే రష్యన్ అక్షరాలు ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. ఒకదాని డయల్ ఇంకోదాని బాడీలో పెట్టి అమ్మేవాళ్ళు ఎక్కువ. చీకట్లో మెరిసే రంగును భూతద్దంతో చూడాలి. డయల్ మీది చుక్కలు పసుపెక్కి, ముళ్ళ మీద మాత్రం తెల్లగా ఉంటే ఏదో ఒకటి తర్వాత మార్చినదే కావచ్చు. అద్దం మీది గీతలకు భయపడక్కర్లేదు, పాలిష్ పెడితే పోతాయి. రబ్బరుకు మాత్రం భయపడాలి. దశాబ్దాలకు అది రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు నీరు ఎంత నొక్కినా అతుక్కోదు. నీళ్ళలో దించేముందు తప్పకుండా మార్పించాలి. మామూలు వాచీల సన్నటి రింగు దీనికి సరిపోదు, అంఫీబియా కొలత వెడల్పు రింగే వేయమని రిపేరు చేసేవారికి ముందే చెప్పాలి.