పందుంపుల్లలో ఏముంది?

వేప పందుంపుల్ల నమిలితే నోరంతా చేదు. ఆ చేదుకేనా పళ్లు శుభ్రపడేది? ముందు పన్ను ఎందుకు పుచ్చుతుందో చూద్దాం.

పంటిపై జిగటగా పేరుకునే పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. మనం తిన్న చాక్లెట్లు, బిస్కెట్లలోని చక్కెరతో అది ఆమ్లం తయారుచేస్తుంది. ఆమ్లం పెరిగి పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతుంటాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, ఖనిజాలను మళ్లీ పంటికి చేరుస్తుంది. అందుకే ఒక్కసారి తిన్న మిఠాయి కన్నా గంటగంటకూ చప్పరించే చాక్లెట్టే ఎక్కువ చేటు. లాలాజలానికి తీరికే దొరకదు!

ఇక పుల్ల సంగతి. కొస నమిలితే పీచు విచ్చుకుని కుంచెలా అవుతుంది. దాంతో రుద్దితే పాచి ఊడుతుంది, నమలడంతో లాలాజలమూ ఊరుతుంది. ప్రయోగశాలల్లో వేప సారం ఆ బ్యాక్టీరియా పెరుగుదలను తగ్గించింది కూడా. కానీ గాజుపళ్లెంలో జరిగినదంతా నోట్లో జరగాలని లేదు. అందుకే పరిశోధకులు కొందరికి వేప లాంటి మూలికలున్న పేస్టు, మరికొందరికి మామూలు పేస్టు ఇచ్చి, ఎవరికి పాచి ఎంత తగ్గిందో పోల్చి చూస్తారు.

ఎనామెల్‌ను ఆమ్లానికి తట్టుకునేలా చేసే ఫ్లోరైడ్ మాత్రం చాలా పేస్టుల్లో ఉంటుంది. కాబట్టి పుల్ల వాడినా ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు బ్రష్ చేయడం మానొద్దు.

మరి పంటినొప్పికి వాడే లవంగం? అందులోని యూజెనాల్ నొప్పిని మొద్దుబారుస్తుందే గానీ పుచ్చును ఆపదు. లవంగ నూనె చిన్నపిల్లలు మింగితే కాలేయానికే ప్రమాదం. డాక్టరు చెప్పకుండా దాన్ని ముట్టుకోవద్దు.