మే అయిదున జెండా చొక్కా: కాలిఫోర్నియా పాఠశాల వివాదంలో న్యాయస్థానం ఏమి చెప్పినది?

అమెరికా జెండా బొమ్మ గల చొక్కాలు ధరించి వచ్చిన విద్యార్థులను, అమెరికాలోనే ఒక పాఠశాల, "చొక్కా తిరగవేసి తొడుక్కొనండి, లేదా ఇంటికి వెళ్ళండి" అని ఆదేశించినదంటే వినినవారు మొదట విశ్వసించరు. సొంత దేశములో సొంత జెండాకు చోటు లేదా అని ప్రశ్నిస్తారు. 2010 మే 5న కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా క్లారా కౌంటీలోని మోర్గాన్ హిల్ పట్టణంలో, లైవ్ ఓక్ ఉన్నత పాఠశాలలో ఇది జరిగినప్పుడు ఆ దేశమంతటా వినవచ్చిన ప్రశ్న కూడా అదే. విద్యార్థుల తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. వ్యాజ్యం 2015 వరకు నడిచి, చివరకు పాఠశాల పక్షాన నిలిచినది. ఎందువలన నిలిచినదో తెలుసుకొనడం, భిన్న భాషల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండే మన సరిహద్దు జిల్లాల వారికి అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ఆ తేదీ సంగతి. 'సింకో డె మాయో' అనగా స్పానిష్ భాషలో 'మే అయిదు' అని అర్థం. 1862లో ఆ దినమున పుయెబ్లా నగరం వద్ద, మూడవ నెపోలియన్ పంపిన ఫ్రెంచి సైన్యాన్ని జనరల్ ఇగ్నాసియో సరగోసా నాయకత్వంలోని మెక్సికో సేన ఓడించినది. ఇది మెక్సికో స్వాతంత్ర్య దినమని అనేకులు పొరబడతారు. అది సెప్టెంబరు 16. మే అయిదు మెక్సికోలో ముఖ్యంగా పుయెబ్లా ప్రాంతపు పండుగ. అమెరికాలోని మెక్సికన్ సంతతివారు మాత్రం దానిని తమ వారసత్వ దినంగా జరుపుకొంటారు. కాలిఫోర్నియా 1848 వరకు మెక్సికోలో భాగమే. కొందరు సరిహద్దును దాటలేదు, సరిహద్దే వారిని దాటి వెళ్ళినది. ఈ మాట 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరిన బళ్ళారి తాలూకాల తెలుగువారికి వివరించనక్కరలేదు. తరువాతి కాలంలో పని వెదుకుకొంటూ వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాలు కూడ అక్కడ అనేకం.

లైవ్ ఓక్ పాఠశాల ఈ దినాన్ని అనుమతితోనే జరిపేది. ఐరిష్ వారి సెయింట్ పాట్రిక్ దినం, జర్మనుల అక్టోబర్‌ఫెస్ట్ వంటిదే ఇదీ అని పాఠశాల భావన. అయితే ఆ బడిలో పిల్లల మధ్య సఖ్యత లేదు. ఆరు సంవత్సరాలలో కనీసం ముప్పది కొట్లాటలు జరిగినట్లు న్యాయస్థానం నమోదు చేసినది. వాటిలో కొన్ని ముఠాల తగాదాలు, కొన్ని జాతి వైషమ్యాలు. 2009 మే అయిదున కొందరు మెక్సికన్ విద్యార్థులు తమ జెండా పట్టుకొని ఆవరణలో తిరిగారు. కొందరు శ్వేతజాతి విద్యార్థులు అందుకు పోటీగా ఒక చెట్టుకు అమెరికా జెండా కట్టి, దేశం పేరు పెట్టి నినాదాలు చేశారు. బూతులు, బెదిరింపులు సాగినవి. కొట్టుదామన్న మాట ఒక అధికారి ఎదుటనే వచ్చినది.

మరుసటి సంవత్సరం అదే తేదీన కొందరు విద్యార్థులు జెండా చొక్కాలతో వచ్చారు. గొడవ జరుగవచ్చునని ఒక విద్యార్థి అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కు ముందే చెప్పినాడు. వారు తమ జెండా ధరించవచ్చును గాని మేము మా జెండా ధరించరాదా అని మరియొకరు అడిగారు. ఉదయపు విరామ సమయంలో అధికారులు ఆ పిల్లలను పిలిపించి మాట్లాడారు. ప్రమాదం లేదని పిల్లలు వాదించలేదు. అది వచ్చినా భరిస్తామన్నారు. ఇద్దరి చొక్కాలపై జెండా అంతగా కానరాదని వారిని తరగతికి పంపివేశారు. చొక్కా తిరగవేయుటకు ఒప్పుకొనని మరి ఇద్దరిని ఇంటికి పంపి, దానిని అనుమతి గల సెలవుగా వ్రాసుకొన్నారు. ఎవరికీ శిక్ష లేదు. పత్రికలలో ఈ వివరాలు అంతగా రాలేదు గాని, తీర్పులో వీటికి చాలా విలువ ఉన్నది.

అమెరికాలో ఇటువంటి వ్యాజ్యాలకు కొలబద్ద 1969 నాటి టింకర్ తీర్పు. 1965 డిసెంబరులో అయొవా రాష్ట్రం, డిమాయిన్ నగరంలో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి సంతాపంగా చేతికి నల్లపట్టీలు కట్టుకొని బడికి వెళ్ళారు. బడి వారిని సస్పెండ్ చేసినది. సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో పిల్లల పక్షాన తీర్పు చెప్పినది. బడి గుమ్మం దాటగానే వాక్స్వాతంత్ర్యం పోదు, అయితే చదువుకు గణనీయమైన భంగం కలుగుననుటకు సహేతుకమైన ఆధారం ఉన్నా, ఇతరుల హక్కులకు భంగం కలిగినా బడి అడ్డుకొనవచ్చును, వట్టి భయం చాలదు: ఇది దాని సారం. ఎన్నికల గుర్తులు ధరించిన పిల్లలను వదలి, నల్లపట్టీలను మాత్రమే నిషేధించడాన్ని కూడ ఆ కోర్టు తప్పుపట్టినది.

లైవ్ ఓక్ విషయంలో 2011లో జిల్లా న్యాయస్థానం, 2014 ఫిబ్రవరి 27న తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఈ కొలబద్దనే వాడినవి. నిరుటి సంఘటన ఉన్నది, ఆ ఉదయపు హెచ్చరిక ఉన్నది, కనుక కొట్లాట మొదలయ్యే వరకు అధికారులు వేచి ఉండనక్కరలేదని న్యాయమూర్తి మార్గరెట్ మెకియోన్ వ్రాశారు. మెక్సికో రంగులు ధరించినవారిని ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు, వారిపై దాడి జరుగునన్న సూచన లేదని సమాధానం. జెండా చొక్కా చెడ్డదని గాని, దానిని ఎల్లప్పుడు నిషేధించవచ్చునని గాని ఆ తీర్పు చెప్పలేదు.

ఇక్కడే నిజమైన చిక్కు. మొత్తం న్యాయస్థానం పునర్విచారణ జరుపవలెనన్న కోరికను 2014 సెప్టెంబరులో తిరస్కరించినప్పుడు, న్యాయమూర్తి ఓ'స్కాన్‌లైన్ మరి ఇద్దరితో కలిసి అసమ్మతి తెలిపారు. బెదిరించినవారిని వదలి, బెదిరింపునకు గురైనవారి నోరు మూయించడం ఏమి న్యాయమన్నది ఆయన ప్రశ్న. న్యాయభాషలో దీనిని 'హెక్లర్స్ వీటో' అంటారు. అనగా, సభలో కేకలు వేసేవానికి భయపడి ఉపన్యాసకుని దింపివేయడం. ఒకసారి ఇది ఫలిస్తే, నచ్చని మాట వినబడినప్పుడల్లా కొట్టుతామంటే చాలునని పిల్లలు నేర్చుకొంటారు. ఉపాధ్యాయునిగా ఈ వాదమే నాకు బలమైనదిగా తోచుచున్నది. అయితే ఆ ఉదయం ఆ ప్రిన్సిపాల్ స్థానంలో ఉంటే నేనూ పిల్లవానిని ఇంటికి పంపి ఉండేవాడినేమో. తల పగిలిన తరువాత రాజ్యాంగం పనికిరాదు.

న్యాయస్థానం ఎదుట ఉన్నది ఆ ఒక్క ఉదయం. నాకు మాత్రం ముఖ్యంగా తోచేది 2009 మే నుండి 2010 మే వరకు గడచిన పన్నెండు నెలలు. వారసత్వ దినమంటే రంగులు, నృత్యాలు అయినంత కాలం ఎదుటి పక్షానికి అది పరుల పండుగే. పుయెబ్లా విజేత సరగోసా పుట్టిన ఊరు నేటి టెక్సస్‌లో ఉన్నది. ఆ యుద్ధ కాలంలో అమెరికా అంతర్యుద్ధంలో ఉన్నది. కాలిఫోర్నియాలో ఆ విజయానికి పండుగ చేసుకొన్న స్పానిష్ భాషీయులలో అనేకులు లింకన్ పక్షపువారు. ఈ పాఠం తరగతిలో చెప్పితే రెండు జెండాలు ఎదురెదురుగా నిలువవలసిన పని ఏమున్నది? నవంబరు 1న కన్నడ బడిలో రాజ్యోత్సవం జరిగేటప్పుడు, 1956లో అదే దినమున ఆంధ్రప్రదేశ్ కూడ అవతరించినదని తెలుగు పిల్లవానికే గాక కన్నడ పిల్లవానికి కూడ చెప్పవలెను.

మన దేశంలోను ఇటువంటి ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్ళినది. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడక, గౌరవంగా నిలబడి ఊరకున్నారని 1985లో బడినుండి తొలగించారు. 1986 ఆగస్టు 11న వారిని తిరిగి చేర్చుకొనవలసినదని తీర్పు వ్రాసినవారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జెండా వందనం చేయుమని పిల్లలను నిర్బంధించరాదన్న 1943 నాటి అమెరికా తీర్పును కూడ ఆయన అందులో పరిశీలించారు. అక్కడ ప్రశ్న మౌనం, లైవ్ ఓక్‌లో ప్రదర్శన. కేరళ పిల్లల వలన ఎవరికీ ఏ ఇబ్బందీ కలుగలేదు గనుక ఆ తీర్పులో ఈ చిక్కు రాలేదు.

అమెరికా సుప్రీంకోర్టు 2015 మార్చి 30న, కారణం చెప్పకుండానే, ఈ వ్యాజ్యాన్ని విచారించుటకు నిరాకరించినది. కనుక తొమ్మిదవ సర్క్యూట్ తీర్పు కాలిఫోర్నియా సహా తొమ్మిది పశ్చిమ రాష్ట్రాలకు వర్తిస్తున్నది. మన ఊళ్ళనుండి కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళినవారు అనేకులు కాపురముండే శాన్ హోజే, క్యూపర్టినో నగరాలు కూడ ఆ శాంటా క్లారా కౌంటీలోనివే. దీపావళి నాడు పట్టుపావడా కట్టుకొని బడికి వెళ్ళే వారి పిల్లలకు, పక్క బల్లపై జెండా చొక్కా తొడుక్కొని కూర్చున్న పిల్లలకు అక్కడ వర్తించేది ఈ తీర్పే.