మన పెరడు ఎన్ని బిందెల నీళ్లు తాగుతుంది?

వాన వెలియగానే మీ పెరట్లోకి వెళ్లి చూడండి. నీళ్లు ఎటు పోతున్నాయి? నేల తాగేస్తోందా? గోడ పక్కన నిలిచాయా? లేక సిమెంటు మీదుగా వీధిలోకి పరుగెడుతున్నాయా?

రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట్ సంగతి చూద్దాం. ఒకప్పుడు ఇది హైదరాబాదుకు ఆగ్నేయాన ఒక పల్లె. ఇళ్లు పెరిగి 2019లో నగరపాలక సంస్థ అయింది. కొత్త ఇల్లు కట్టగానే చాలామంది పెరడంతా సిమెంటు చేయిస్తారు. బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక. కాని ఈ ప్రాంతంలో నేల కింద ఉన్నది గ్రానైటు. గట్టి గ్రానైటు నీటిని పీల్చుకోదు. పైనున్న మట్టిలో, మెత్తబడిన రాతి పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే నీరు నిలుస్తుంది. మన బోరు తోడేది ఆ నీటినే. పైనుంచి వాన దిగకపోతే ఆ నిల్వ నిండేదెలా?

ఒక చిన్న లెక్క చేద్దాం. 100 చదరపు మీటర్ల డాబా మీద 2 సెంటీమీటర్ల వాన కురిస్తే 2,000 లీటర్ల నీరు పడినట్టు. బిందెకు 15 లీటర్లనుకుంటే 130 బిందెలకు పైనే! ఇంకని నీరంతా వీధికి, వీధి నుంచి పల్లానికి పోతుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాదు ప్రాంతంలో కుండపోత వాన కురిసింది. ఆ నెలలోనే బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగి, దిగువ బస్తీలు మునిగాయి. ఒక్క పెరడు అంతటి వరదను ఆపలేదు. కాని వరదలో కలిసే నీటిని ప్రతి పెరడూ కొంత తగ్గించగలదు.

మరి మనమేం చేయాలి? ముందు నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంట తీసి నీరు పోయండి. ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడండి. గంటలో ఇంకితే మంచి చోటు. మర్నాటికీ నిలిచే ఉంటే అది బంకమన్ను, మరో చోటు వెతకండి.

తర్వాత పెద్దవాళ్ల సాయంతో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు ఉండే ఇంకుడు గుంత తవ్వండి. గోడకు 10 అడుగుల దూరమైనా ఉండాలి. మరుగుదొడ్డి ట్యాంకు దగ్గర అసలు వద్దు. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, అన్నిటికీ పైన దొడ్డు ఇసుక పోయండి. రాళ్లు గుంత గోడలు కూలకుండా ఆపుతాయి, ఇసుక మట్టిని వడపోస్తుంది. డాబా నీటి గొట్టాన్ని దీనిలోకి మళ్లించండి. సబ్బు నీళ్లు మాత్రం రానీయకండి.

రాళ్లు నింపిన గుంతలో నీటికి చోటెక్కడిది? 10 లీటర్ల బకెట్‌ను కంకరతో నింపి, చెంబుతో కొలుస్తూ నీరు పోయండి. సుమారు 4 లీటర్లు పడుతుంది! రాళ్ల మధ్య సందులే ఆ చోటు.

ఇక వాలు సంగతి. పెరడు ఇంటి గోడ వైపు కాక, గుంత వైపు వాలాలి. కంటికి సమంగా కనబడే నేల మోసం చేయవచ్చు. మేస్త్రీలు పొడవాటి పారదర్శకమైన గొట్టంలో నీరు నింపి మట్టం చూస్తారు. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది గదా! ఆ ఎత్తు నుంచి నేలకు కొలిస్తే ఏ వైపు పల్లమో తెలిసిపోతుంది.

నడిచే దారికి మాత్రం బండలు పరిచి, సందుల్లో ఇసుక పోస్తే చాలు. మిగిలిన చోట కరివేపాకు, మల్లె నాటండి. బట్టలుతికే చోట మన పెద్దలు అరటి పిలకను ఊరికే నాటలేదు, దానికి నీరెంత ఉన్నా కావాలి.

గుంతపైన నీరు రెండు రోజులకు మించి నిలిస్తే ఇసుక పూడుకుపోయిందని గుర్తు. ఇసుక మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఈసారి వాన వెలిశాక మళ్లీ పెరట్లోకి వెళ్లండి. వీధిలోకి పోయే నీరు ఎంత తగ్గిందో మీరే చూస్తారు.